కడుపు పురుగు కండెమ్నేషన్ కమిటీ

సర్కారు ఆఫీసులో కుర్చీ పుట్టడం సులువు, చావడమే కష్టం. కాలు విరిగినా, పేము తెగినా, దాని మీద కూర్చున్న గుమాస్తా కిందపడి ఆస్పత్రి పాలైనా, ఇది పనికిరాదని ముగ్గురు సంతకాలు పెట్టేదాకా స్టాకు రిజిస్టరులో అది నిక్షేపంలాంటి కుర్చీయే. ఆ ముగ్గురినీ కలిపి కండెమ్నేషన్ కమిటీ అంటారు. గొర్రెల వ్యాధుల పరిశోధన కేంద్రంలో ఆ కమిటీ కూర్చుని పదకొండేళ్లయింది. ఒకసారి ఛైర్మన్ సెలవులో ఉంటాడు, ఒకసారి సభ్యుడు బదిలీ అవుతాడు, ముగ్గురూ ఉన్న రోజున ఫైలు కనబడదు. అందుచేత విరిగిన సామాను నిండిన ఆ కేంద్రం వరండాల్లో జనం పక్కకు తిరిగి నడవడం నేర్చుకున్నారు.

అలా పక్కకు తిరిగి నడిచేవాళ్లలో డాక్టర్ ఓబులేసు ఒకడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, గొర్రెల మీదే డాక్టరేటు తెచ్చుకున్నవాడు. పెద్ద మాటకారి కాదు. లోపల మాత్రం చాలా మాట్లాడుకునేవాడు, ముఖ్యంగా మీటింగుల్లో. అతను ఏడేళ్లుగా పట్టుకుని వేలాడుతున్నది ఒక పురుగును. గొర్రె కడుపులో చేరి, ఎర్రదారం తెల్లదారం కలిపి పేనినట్టు మెలికలు తిరిగి, రక్తం తాగే పురుగు అది. అది పట్టిన గొర్రెకు కళ్లు పాలిపోతాయి, దవడ కింద నీరు దిగుతుంది, ఓ ఉదయం మంద లేచినా అది లేవదు. కిందటి వానాకాలం ఓబులేసు మేనమామ మందలో ముప్పై ఒక్క గొర్రెలు అలాగే పోయాయి. మూడుసార్లు మందు తాపినా లాభం లేకపోయింది. "నీ మందుకు పురుగు చావడం అట్లుండనీలే అల్లుడా, దానికి జలుబన్నా సేయల్యా" అన్నాడు మేనమామ. ఆ మాట ఓబులేసుకు ముల్లులా గుచ్చుకుంది.

పురుగు జానెడు కూడా ఉండదు గానీ దాని కణంలో పరిపాలన పెద్దది. అక్కడ పాతబడిన ప్రోటీన్లను ఎప్పటికప్పుడు ఏరి పారేయాలి. పారేయాల్సినదానికి ఒక చీటీ అంటించాలి. అంటించే పని ముగ్గురిది. మొదటి ఎంజైము చీటీని సిద్ధం చేస్తుంది, రెండోది మోసుకొస్తుంది, మూడోది పారేయాల్సిన ప్రోటీన్ ఏదో గుర్తుపట్టి, రెండోదాని చెయ్యి పట్టుకుని అంటింపిస్తుంది. నాలుగు చీటీలు పడ్డాక పీపాలాంటి యంత్రం ఒకటి ఆ ప్రోటీన్ని మింగి తునకలు చేస్తుంది. ఓబులేసు కనిపెట్టిందేమిటంటే, పురుగు కణంలో రెండోది మూడోదాని చెయ్యి పట్టుకునే తీరు వేరు, గొర్రె కణంలో తీరు వేరు. ఆ పురుగు పట్టులో దూరి విడదీసే పసుపు రంగు పొడి ఒకటి అతని చేతికి దొరికింది. చేతులు కలవకపోతే చీటీ పడదు, చీటీ పడకపోతే చెత్త పోదు, చెత్త పేరుకుంటే పురుగు చావాలి.

ఇది రుజువు చేయడానికి రెండు గొట్టాలు చాలు. రెండింటిలోనూ పీపా, ముగ్గురు ఎంజైములు, చీటీలు, ఒక ప్రోటీన్ ఉంటాయి. పొడి వేయని గొట్టంలో గంటకల్లా ప్రోటీన్ మాయం కావాలి. పొడి వేసినదాంట్లో మిగలాలి. ఆ రుజువు చూపిస్తే తప్ప గొర్రెల మీద పరీక్షకు అనుమతి ఇవ్వరు, వానలు మొదలవ్వడానికి మూడు వారాలే ఉంది. పైగా ల్యాబులోని డీప్ ఫ్రీజరు ఎనిమిది నెలల కిందటే కన్ను మూసింది. పాతది కండెమ్ అయితే గానీ కొత్తది కొనకూడదు. రెండేళ్లు కష్టపడి తీసిన ప్రోటీన్ని ఓబులేసు ఐసు పెట్టెలో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు. గురువారం సాయంత్రం దాటితే అది చెడిపోతుంది, మళ్లీ తీయాలంటే ఇంకో రెండేళ్లు.

సోమవారం పొద్దున స్టాకు తనిఖీ వచ్చింది. స్టోర్సు అధికారి పరబ్రహ్మం చంకలో రిజిస్టరు, చెవిలో పెన్సిలుతో వచ్చాడు. లంచం తీసుకోడు, నవ్వడు, లెక్క తప్పితే నిద్రపోడు.

"ప్రోటీను, ఇరవై గొట్టాలు," అని చదివాడు. "చూపించండి."

ఓబులేసు ఐసు పెట్టె తెరిచాడు. పరబ్రహ్మం రెండుసార్లు లెక్కపెట్టాడు.

"పద్దెనిమిదే ఉన్నాయి."

"రెండు ప్రయత్నంగా వాడి చూశాను సార్. ఇవిగో ఆ గొట్టాలు."

"గొట్టాలు సరే. వాటిలోని ప్రోటీను ఎక్కడ?"

"లేదు సార్. తునకలైపోయింది."

"ఎవరు చేశారు?"

"పురుగు ఎంజైములు."

పరబ్రహ్మం చెవిలోని పెన్సిలు తీశాడు. "ఎవరి ఉత్తర్వుల మీద?"

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. 'ప్రభుత్వ నిధులతో తయారై, స్టాకు రిజిస్టరు అరవై రెండో పుటలో నమోదైన ప్రోటీను అను వస్తువును, కండెమ్నేషన్ కమిటీ ఆమోదం లేకుండా ధ్వంసం కావించి, అందునకు బాధ్యులుగా ఒక పురుగును పేర్కొనుట తీవ్రముగా పరిగణించడమైనది. ఇకమీదట కమిటీ తీర్మానము లేనిదే ఏ ప్రోటీనునూ తునకలు చేయరాదు' అని అందులో ఉంది. ఓబులేసు దాన్ని మూడుసార్లు చదివాడు.

పదకొండేళ్లు కూర్చోని కమిటీ మంగళవారం పొద్దున్నే కూర్చుంది. ఇందులో మహత్యం ఏమీ లేదు, కుర్చీ విషయమైతే వాళ్లు కూర్చునేవాళ్లు కాదు. ప్రోటీన్ కొత్త వస్తువు, చూద్దామని వచ్చారు. ఛైర్మన్ డైరెక్టరు త్రివిక్రమరావు. ఆయనకు 'సంస్థాగత దృక్కోణం' అన్న మాట అంటే ప్రాణం, కాఫీలో చక్కెర తక్కువైనా దాన్ని ఆ దృక్కోణంలోనే చూసేవాడు. కార్యదర్శి పరబ్రహ్మం. సాంకేతిక సభ్యుడు భవనాల ఇంజనీరు కోదండపాణి, ఏ వస్తువునైనా వేలి కణుపుతో తట్టి చూసి ఆయుష్షు చెప్పగలనని ఆయన నమ్మకం.

కోదండపాణి గొట్టం అందుకుని టకటకా తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ఇందులో లోపం ఎక్కడుంది?"

"లోపం లేదు సార్. చక్కగా ఉంది."

"చక్కగా ఉన్నదాన్ని కండెమ్ చేయడానికి వీల్లేదు."

"చక్కగా ఉంటేనే సార్ ప్రయోగానికి పనికొచ్చేది."

"పనికొస్తుందని మీరే అంటున్నారు. పనికిరాదని మేమెలా రాస్తాం?"

డైరెక్టరు చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. పరిష్కారం దొరికినప్పుడు ఆయన ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలుగుతుంది. "డాక్టర్ ఓబులేసు, ఈ వస్తువు దానంతటది ఎప్పటికి పనికిరాకుండా పోతుంది?"

"గురువారం సాయంత్రానికి సార్."

"అయితే శుక్రవారం ఉదయం పదింటికి కమిటీ మళ్లీ సమావేశమవుతుంది. అప్పటికి మీకూ మాకూ ఏ అభ్యంతరమూ ఉండదు. పాడైన వెంటనే ప్రయోగం చేసుకోవచ్చు."

"తునకలు?" అని గుర్తుచేశాడు పరబ్రహ్మం.

"తుక్కు వేలం నిబంధనల ప్రకారం," అన్నాడు డైరెక్టరు.

ఓబులేసు ల్యాబుకు వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. ఏడవాలో నవ్వాలో తెలియని స్థితి అంటారే, అందులో ఏడుపు పాలే ఎక్కువగా ఉంది. ల్యాబు అసిస్టెంటు ఖైరున్నీసా ఐసు గడ్డలు కొట్టి పెట్టెలో నింపుతోంది. ఆ కేంద్రంలో ఆమెకు ఇరవై ఆరేళ్ల సర్వీసు, ఐదుగురు డైరెక్టర్లను దాటింది. ఆ ఐసు కూడా ఆమె మరిది ఫ్యాక్టరీ నుంచి రోజూ బస్సులో తెస్తున్నదే. జరిగిందంతా ఓబులేసు చెప్పాడు.

"మీరు ఆయప్పగార్లకి సైన్సు చెప్తాండారు సార్. దాంతో వాళ్లకేం పని? గొట్టంలో మీటింగు జరగతాండాదని చెప్పండి, ఇంగ చూడండి."

"మీటింగేంటక్కా?"

"మీరే కదా సార్ నాకు చెప్పింది. ముగ్గురు కలిస్తేనే చీటీ పడతాదని. ముగ్గురు కలిసి ఒకదాన్ని పనికిరాదు పారెయ్ అంటే దాన్ని ఏమంటారు?"

ఓబులేసు స్టూలు మీద నుంచి లేచాడు. ఏడేళ్ల నుంచి ఆ ముగ్గురినీ చూస్తున్నా తనకు తట్టని సంగతి ఆమె ఐసు కొడుతూ చెప్పేసింది. అతనికి సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

బుధవారం పొద్దున ఓబులేసు డైరెక్టరు గదిలో బల్ల నిండా బొమ్మ గీసిన కాగితం పరిచాడు. "సార్, పురుగు కణంలో ఏ వస్తువునూ అడ్డగోలుగా పారేయరు. మొదటి సభ్యుడు ప్రతిపాదన సిద్ధం చేస్తాడు. రెండో సభ్యుడు దాన్ని ముందుకు తెస్తాడు. మూడో సభ్యుడు వస్తువును స్వయంగా పరిశీలించి ధ్రువీకరిస్తాడు. ముగ్గురి ఆమోదం నాలుగుసార్లు పడితే తప్ప పీపా ముట్టుకోదు."

"నాలుగు ప్రతులన్నమాట," అన్నాడు పరబ్రహ్మం మెల్లగా.

"అవును సార్. వస్తువును తునకలు చేశాక చీటీలను మాత్రం ఊడదీసి మళ్లీ వాడుకుంటారు."

"స్టేషనరీ పొదుపు," అన్నాడు డైరెక్టరు, బొమ్మ మీదికి వంగి. "వెన్నెముక లేని జీవి. నిబంధనలు చదివింది కాదు, శిక్షణకు పోయింది కాదు. సంస్థాగత దృక్కోణంలో చూస్తే ఈ పురుగు మనకు పాఠం చెబుతోంది."

సాయంత్రానికి ఉత్తర్వు టైపయింది. 'గొర్రె కడుపు పురుగు యొక్క ఒకటవ, రెండవ, మూడవ ఎంజైములతో కూడిన ఉపసంఘమునకు, గొట్టము పరిధిలో ప్రోటీన్లను కండెమ్ చేయు అధికారము ఇందుమూలముగా దఖలుపరచడమైనది. ముగ్గురు సభ్యుల హాజరు తప్పనిసరి. వీరిలో ఎవరికినీ దినభత్యము వర్తించదు.' కింద డైరెక్టరు సంతకం, ఆ కింద గుండ్రటి ముద్ర ఉన్నాయి. పరబ్రహ్మం స్వయంగా వచ్చి, సన్నటి కుంచెతో గొట్టాల మీద పసుపు రంగు నంబర్లు వేసి పోయాడు.

గురువారం మధ్యాహ్నం రెండింటికి ఓబులేసు అంతా సిద్ధం చేసుకున్నాడు. మొదటి గొట్టంలో అన్నీ పడ్డాయి. రెండో గొట్టంలో పొడి వేయబోతుండగా పక్కనే నిలబడ్డ పరబ్రహ్మం అడిగాడు.

"ఈ పొడి పనేమిటి?"

ఓబులేసుకు అబద్ధం రాదు. "రెండో సభ్యుడూ మూడో సభ్యుడూ కలవకుండా చేస్తుంది సార్."

పరబ్రహ్మం ముఖం ఎర్రబడింది. "అంటే విధివిధానాల ప్రకారం నియమించిన ఉపసంఘాన్ని, ఉత్తర్వు సిరా ఆరకముందే, సమావేశం కానివ్వకుండా అడ్డుకుంటారా? అధికారుల విధి నిర్వహణకు ఆటంకం కలిగించడం ఇది. నేను డైరెక్టరుగారికి రాయాలి."

రాస్తే ఫైలు నడుస్తుంది. నడిస్తే సాయంత్రం అవుతుంది. ఐసు పెట్టెలో ఐసు అప్పటికే సగం నీళ్లయింది. ఎప్పుడూ లోపల మాట్లాడుకునే ఓబులేసు ఆ రోజు తొలిసారి బయటికి మాట్లాడాడు.

"సార్, కోరం లేకపోతే కమిటీ ఏం చేయాలి?"

"వాయిదా పడాలి."

"వాయిదా పడితే వస్తువు?"

"రిజిస్టరులో యథాతథంగా ఉంటుంది."

"రెండో గొట్టంలో జరిగేది అదే సార్. మొదటి గొట్టంలో సభ్యులు కలుస్తారు, ప్రోటీన్ చట్టబద్ధంగా పోతుంది. రెండోదాంట్లో కోరం లేదు, ప్రోటీన్ మీ లెక్కలోనే ఉంటుంది. ఒక్క చుక్క తగ్గినా నన్ను అడగండి."

పరబ్రహ్మం ఆలోచించాడు. ఆయన కోరేది జీవితంలో ఒకటే, కాగితం మీది అంకె, పెట్టెలోని అంకె ఒకటి కావడం. "వాయిదా ఎంతసేపు వేయవచ్చు?"

"మన కేంద్రంలో పదకొండేళ్ల వాయిదాకు పూర్వోదాహరణ ఉంది సార్."

"ఉంది," అని ఒప్పుకున్నాడు పరబ్రహ్మం. "కానివ్వండి."

గంట గడిచింది. ప్రోటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్ మీద ఓబులేసు చూశాడు. మొదటి గొట్టం వరసలో ప్రోటీన్ గీత జాడ లేదు. రెండో వరసలో కాటుకతో గీసినట్టు నల్లగా, నిండుగా గీత ఉంది. ఖైరున్నీసా కొంగుతో కళ్లు తుడుచుకుంది. పరబ్రహ్మం వంగి ఆ గీతను చూసి, 'లెక్క సరిపోయినది' అని రిజిస్టరులో రాసుకున్నాడు. ఆ రిజల్టును అంతకంటే చక్కగా ఎవరూ రాయలేరని ఓబులేసుకు అనిపించింది.

శుక్రవారం ఉదయం పదింటికి కమిటీ అనుకున్న ప్రకారం సమావేశమైంది. ఓబులేసు జెల్ ఫోటో బల్ల మీద పెట్టి, పన్నెండు గొర్రెల మీద పరీక్షకు అనుమతి అడిగాడు.

"ఈ పొడి పడ్డాక పురుగుకు ఏమవుతుంది?" అని అడిగాడు కోదండపాణి.

"పనికిరానిదంతా లోపలే పేరుకుపోతుంది సార్. కదలడానికి చోటుండదు. ఆరు రోజుల్లో చస్తుంది."

"కేవలం కమిటీ కూర్చోనందుకేనా?"

"అందుకే సార్."

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కిటికీ బయట వరండాలో ఎవరో బీరువాకూ బల్లకూ మధ్య ఇరుక్కుని, వెనక్కి పోయి, మళ్లీ ప్రయత్నిస్తున్నారు. ఓబులేసు నాలిక కరుచుకున్నాడు. పై అధికారుల ముందు అనకూడని మాట అనేశానని, గొర్రెలూ అనుమతీ ఏట్లో కలిశాయని అనుకున్నాడు.

ముందుగా నోరు విప్పినవాడు పరబ్రహ్మం. "నాదొక మనవి. మన కమిటీ పదకొండేళ్లు కూర్చోలేదు. కేంద్రానికి ఏ హానీ జరిగినట్టు రికార్డులో లేదు."

డైరెక్టరు ముఖం మళ్లీ పెళ్లికొడుకు ముఖమైంది. "అదే నేను చెప్పబోతున్నది. పురుగు చిన్న వ్యవస్థ, తట్టుకోలేక పోయింది. పెద్ద వ్యవస్థలకు ఈ పరిస్థితి ప్రమాదకరం కాదనడానికి మన దగ్గర పదకొండేళ్ల అనుభవపూర్వక ఆధారం ఉంది. గొర్రె పెద్ద వ్యవస్థే కదా?"

గొర్రెకు ఎందుకు హాని లేదో ఓబులేసు దగ్గర నలభై పేజీల ఆధారం ఉంది. చంకలోనే ఉంది. దాన్ని అక్కడే నొక్కి పట్టుకున్నాడు. "పెద్దదే సార్," అన్నాడు.

తీర్మానం అక్కడికక్కడే రాశారు. పొడి పెద్ద ప్రాణులకు సురక్షితమని సంస్థ స్వానుభవముతో నిర్ధారించినందున అనుమతి మంజూరు. అంతా అయ్యాక పరబ్రహ్మం తన చేత్తో ఒక నిబంధన చేర్చాడు. పరీక్ష పశువులు ప్రభుత్వానివి కనుక వాటి కడుపులోని పురుగులూ ప్రభుత్వ ఆస్తే, చచ్చిన ప్రతి పురుగునూ కమిటీ సభ్యులు ముగ్గురూ స్వయంగా లెక్కించవలెను. ముగ్గురూ సంతకాలు చేశారు, ముద్ర పడింది. కాగితం చేతికి అందాక ఓబులేసు గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, చచ్చిన పురుగులు పెంటికలతో పాటు బయటికి వస్తాయి. చేత్తో ఏరాలి."

పరబ్రహ్మం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఒక్కో గొర్రెకు ఎన్ని ఉండవచ్చు?"

"రెండు వేలకు తక్కువ ఉండవు సార్."

"నిబంధన సవరించాలంటే?" అని డైరెక్టరు పరబ్రహ్మాన్ని అడిగాడు.

"పైకి రాయాలి సార్. జవాబు రావడానికి ఏడాది పడుతుంది."

ఆ తరువాతి సోమవారం పొద్దున గొర్రెలకు పొడి తాపారు. ఆరో రోజున గొర్రెల కొట్టంలో మూడు పీటలు వేశారు. డైరెక్టరు ముక్కుకు జేబురుమాలు కట్టుకున్నాడు. కోదండపాణి పట్టకారుతో ఒక్కొక్కటే పైకెత్తి చూపిస్తున్నాడు, ఎర్రదనం పోయి తెల్లగా వేలాడుతున్న దారపు పోగులవి. పరబ్రహ్మం రిజిస్టరులో గీతలు గీస్తూ పైకి లెక్కపెడుతున్నాడు. ఖైరున్నీసా పళ్లేలు అందిస్తూ, నవ్వు ఆపుకోలేక మాటిమాటికీ బయటికి పోయి వస్తోంది. ఓబులేసు మాత్రం ఎక్కడికీ పోలేదు. కొట్టం మూల నిలబడి, ఒక గొర్రె కన్ను విప్పి చూస్తూ, ఆ లెక్క వింటున్నాడు. పాలిపోయిన రెప్ప లోపల కొంచెం ఎరుపు తిరుగుతోంది.

"వెయ్యిన్నూట నాలుగు," అన్నాడు పరబ్రహ్మం అలసిపోయిన గొంతుతో. "వెయ్యిన్నూట ఐదు."

"కాస్త గట్టిగా చెప్పండి సార్," అన్నాడు ఓబులేసు. "ఇక్కడికి వినబడట్లేదు."